వీపు చెప్పిన మాట

టీవీలో పాట మొదలైపోయింది, ఇక గంటసేపు ఎక్కడికీ కదలడానికి లేదు, కదులుదామన్నా గుమ్మంలో బూట్లు గుట్టపడి ఉన్నాయి, వాటిని దాటుకుని బయటపడేలోపు ఎవరో ఒకరు ‘అంకుల్, ఎక్కడికి, మీ సీరియలే కదా’ అంటారు. అవును, తన సీరియలే. తీసింది కొరియా వాళ్లు, ఎగిరిందీ పడిందీ ఏడ్చిందీ కొరియా పిల్లలు, కానీ ఈ గదిలో కూర్చున్న బడి వాలీబాల్ జట్టుకి మాత్రం ఇది అమ్మలు వాళ్ల నాన్న సీరియల్, ఎందుకంటే ఆ పిల్లలు నోరు తెరిస్తే వినబడే మన మాటలన్నీ ఆయన రాసినవే. సోఫాలో పట్టినంతమంది, సోఫా చేతుల మీద చెరొకరు, మిగతావాళ్లు నేల మీద మోకాళ్లు ముడుచుకుని. ఆదివారం సాయంత్రం ప్రాక్టీసు నుంచి నేరుగా వచ్చేశారు, గదంతా చెమట వాసన, నొప్పుల మందు వాసన. సోఫాకి ఆ చివర నిచ్చెన కూర్చుంది. జట్టు కెప్టెన్, పొడుగుకి తగ్గ పేరు, ఎడమ చీలమండకి ఇంకా పట్టీ ఉంది. ఆ కాలు తెచ్చి తన ఒళ్లో పెట్టుకుంది అమ్మలు, కింద దిండు కూడా వేసింది, నిచ్చెన కాస్త కదిలితే చాలు ‘నొప్పా?’ అని అడుగుతోంది. అది చూడలేక అతను గోడ వైపు తిరిగాడు. గోడ మీద చూడ్డానికేమీ లేదు.

రిమోట్ అత్తయ్య ఒళ్లో ఉంది. అదొక్కటి తన చేతిలో ఉంటేనా అనుకున్నాడు. ఉంటే ఏం చేస్తావయ్యా, ఇంతమంది ఆడపిల్లల మొహాల మీద టీవీ ఆపేస్తావా, ఆపి ఏం చెప్తావు? అత్తయ్యకి చెవులు సరిగా వినబడవు, వినబడవన్న సంగతి ఆవిడ ఒప్పుకోదు, ఈ కాలం వాళ్లందరూ గొణుగుతారంటుంది, అంచేత సౌండు పెంచుకుంటూ పోతుంది. కథ ఆవిడకి ఎక్కదు, బంతి ఎటు పోయిందో పట్టదు, ఆవిడ కూర్చునేదల్లా చివర్లో పేర్ల కోసం. ‘మాటలు’ అని పడి దాని కింద అల్లుడి పేరు పడుతుంది, రెప్పపాటు ఉండి పైకి పోతుంది. మొదటి వారం అది చూసి ఆవిడ టపటపా చప్పట్లు కొట్టింది, నవ్వుతూ మిగతావాళ్లూ కొట్టారు, మరుసటి వారానికల్లా అది ఇంటి ఆనవాయితీ అయి కూర్చుంది, పేరు పడగానే అందరూ కొట్టాల్సిందే, మందుల షాపులో పని ముగించుకుని అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్న భార్య కూడా ఆ చెప్పు అలా వదిలేసి కొట్టాల్సిందే. ‘ఊరుకోండి అత్తయ్యా’ అని అతను తెగ సిగ్గుపడిపోతున్నట్టు నటించేవాడు. లోపల మాత్రం, అబద్ధమెందుకు, వారమంతా దానికోసమే కాచుక్కూర్చునేవాడు. సిగ్గంటే ఏమిటో అప్పుడతనికి తెలిస్తేగా. ఇవాళ తెలుస్తోంది. అది బుగ్గల్లో పుట్టేది కాదు, పొట్టలో పుట్టి పైకి పాకుతోంది, మెడ దాకా వచ్చేసింది, ఇంకా పాట కూడా అవలేదు.

తెర మీద కోచ్ అరుస్తున్నాడు. చేపల లారీ నడుపుకునే మనిషి, ఒకప్పుడు ఆటగాడు, సముద్రం పక్కన ఆ చిన్న ఊరి బడిలో ఆడిన ప్రతి ఆటా ఓడిపోయే జట్టుని తెచ్చి ఇతని నెత్తిన పెట్టారు. లారీ దిగి రబ్బరు బూట్లతోనే మైదానంలోకి వచ్చి అరుస్తాడు. ‘గెలవమన్నానా నేను? నిద్ర లేవమన్నాను!’ ఆడపిల్లలు పకపకా నవ్వారు. ఈ మాట తనదే, నిజంగా తనదే, దీనికోసం ఒక పూటంతా కుస్తీ పట్టాడు, ఎందుకంటే అక్కడ కోచ్ మొహం తెరంతా ఉంది, వాడి పెదవులు ఎక్కడ కలిస్తే అక్కడ ప, బ, మ ఏదో ఒకటి పడాలి, ఎక్కడ నోరు సాగితే అక్కడ ‘ఏ’ పడాలి, ‘సరే’ అంటే సరిపోయే చోట పెదవులు కలిశాయి కనక ‘పద’ అనిపించాల్సి వస్తుంది. మొహం కనబడిందంటే మాటల రచయితకి చేతులు కట్టేసినట్టే. అదే వీపు కనబడిందా, పండగే. వీపుకి పెదవులుండవు. దాని చేత ఏమైనా అనిపించవచ్చు, ఎంతైనా అనిపించవచ్చు, ఎవడూ పట్టుకోడు. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే, ముందూ వెనకా లేని కథకి అతుకులు వేసేదీ, నవ్వు రానిచోట నవ్వు పుట్టించేదీ వీపుల మీదే. ఇవాళ చివర్లో ఒక వీపు వస్తుంది. నీళ్లసీసా వీపు. జట్టులో ఎప్పుడూ బల్ల మీదే కూర్చుని ఆడేవాళ్లకి నీళ్లు అందించే కుర్రాడు, వాళ్ల స్టారుకి కాలు మడతపడ్డాక వాడు దిగి ఆడతాడు, స్టారు బల్ల మీంచి చప్పట్లు కొడతాడు, గెలుస్తారు, అందరూ వెళ్లిపోయాక ఖాళీ జిమ్ములో వాడొక్కడే కెమెరాకి వీపు పెట్టి కూర్చుంటాడు. చాలాసేపు కూర్చుంటాడు. అసలు సీరియల్లో ఆ వీపు ఏమీ అనదు. అదీ సంగతి. కొరియా వాళ్లు దాన్ని అలా వదిలేశారు, భుజాలు రెండూ కాస్త కదులుతాయి, బయట వాన చప్పుడు, అంతే. డబ్బింగ్ చూసే పెద్దమనిషి అది చూసి కుర్చీలోంచి లేచాడు. ‘ఇంత ఖాళీ ఏంటండీ బాబూ, మాట లేకపోతే జనం టీవీ పాడైందనుకుని వేరేది పెట్టేస్తారు. ఏదో ఒకటి పడేయండి. వీపే కదా.’

వీపే కదా. ఆ రోజు అమ్మలు కూడా వీపే కనబడేలా కూర్చుంది. బట్టలుతికే మిషను ముందు, నేల మీద, లోపల తన జెర్సీ గిరగిరా తిరుగుతుంటే గాజు మూతలోంచి దాన్నే చూస్తూ. జట్టు గెలిచి వచ్చిన సాయంత్రం. ఆట మధ్యలో నిచ్చెనకి కాలు మడతపడి, ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళ్తే, ఇన్నాళ్లూ సీసాలు మోసిన పిల్లని దింపారు, దూకి దూకి ఆడిందట, కోచమ్మ ఎత్తుకుని తిప్పిందట, ఇంటికొచ్చిన పిల్ల మాత్రం తిండి ముట్టలేదు, స్నానానికి వెళ్లలేదు. అలిసిపోయిందిలే అంది వాళ్లమ్మ. అతను వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మిషను నీళ్లు పిండడం మొదలెట్టి గడగడలాడేదాకా ఆగింది పిల్ల, వాళ్లమ్మకి వినబడకూడదని, అప్పుడు చెప్పింది. ‘నాన్నా, దాని కాలు మడతపడాలని రోజూ అనుకునేదాన్ని. పడింది. ఇప్పుడు అదే నాకు చప్పట్లు కొడుతోంది.’ కట్టు కట్టించుకుంటూనే బల్ల మీంచి కొట్టిందట నిచ్చెన, అమ్మలు కొట్టిన ప్రతి బంతికీ. అతని గుండె నీరైపోయింది. అలా అనుకోవడం అందరికీ ఉంటుందమ్మా, నువ్వనుకుంటే పడలేదు, తడి నేల మీద కాలేసింది పడింది అన్నాడు. ‘ఎవరికీ చెప్పకు నాన్నా.’ ‘ఎందుకు చెప్తానమ్మా, నీ మీద ఒట్టు’ అని తల మీద చెయ్యి వేశాడు. నిజమే వేశాడు, ప్రేమగానే వేశాడు, కాకపోతే ఆ చెయ్యి అక్కడ ఉండగానే, పిల్ల జుట్టు ఇంకా చెమటతో తడిగా చేతికి తగులుతుండగానే, లోపల ఏదో మూల నుంచి ఒక దొంగవెధవ తల పైకెత్తి ‘అబ్బ, ఎంత బావుందీ మాట’ అన్నాడు. కడుపు కోసుకుంటే బయటపడేది అదీ. తర్వాత చేసినవన్నీ దాని తోకలే.

అయినా ఒక్కసారిగా దిగజారతాడా ఎవడైనా, మెట్టు మెట్టు దిగుతాడు. మొదటి మెట్టు, ఈ ఆటకి చాలా ముందే, ఆ పేరు. ‘నన్ను జట్టులో నీళ్లసీసా అంటారు నాన్నా’ అని అమ్మలే ఒకరోజు నవ్వుతూ చెప్పింది, ఆ కొరియా కుర్రాడికి అదే తగిలించాడు, టీవీలో వినబడగానే పిల్ల సోఫా మీద ఎగిరి గంతేసింది, మర్నాడు బడంతా డప్పు కొట్టుకుంది, మా నాన్న నన్ను సీరియల్లో పెట్టాడు అని. ఇంకేం, లైసెన్సు దొరికింది. కోచమ్మ తిట్లు, బస్సులో వెనక సీటు గొడవలు, మోకాలి పట్టీ పోగొట్టుకున్న కథ, పిల్ల ఇంట్లో ఏది వాగితే అది వారం తిరిగేసరికి కొరియా కుర్రాళ్ల నోట్లో. జట్టు జట్టంతా మురిసిపోయింది. ఇప్పుడీ గదిలో ఉన్న ఒక్కో పిల్లకీ తెలుసు నీళ్లసీసా అంటే అమ్మలే అని. తెలుసు కాబట్టే వచ్చారు. తెలుసు కాబట్టే ఇవాళ వాడు నోరు తెరిస్తే, తెరవక్కర్లేదు, వీపు తిప్పితే చాలు, అది అమ్మలు మాటేనని పట్టేసినా పట్టేస్తారు.

‘వీపే కదా’ అని ఆ పెద్దమనిషి అన్నాక కలం పట్టుకుని అతను ఎంతసేపు కూర్చున్నాడని? కూర్చోనే లేదు. మాట సిద్ధంగా ఉంది. ‘దాని’ అన్నచోట ‘వాడి’ అని పెట్టాడు, ‘అనుకునేదాన్ని’ని ‘అనుకునేవాణ్ణి’ చేశాడు, రచయితగా అతను పడ్డ కష్టం అంతటితో సరి. కుర్రాళ్లకి గొంతిచ్చే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, అద్దాల గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని చెప్పబోయి ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టి మళ్లీ ఆగింది. ‘ఎవరిదండీ ఈ మాట?’ అంది మైకులోంచి. ‘రాసినట్టు లేదు, ఎవరో అన్నట్టుంది.’ మూడోసారికి చెప్పింది, చెప్పి కళ్లు తుడుచుకుంది, డబ్బింగ్ చూసే ఆయన అతని వీపు తట్టాడు, ఎక్కణ్ణించి పట్టుకొస్తారండీ ఇలాంటివి అన్నాడు. ‘అవే వస్తుంటాయి’ అన్నాడు అతను. అన్నాడయ్యా మహానుభావుడు! అవే వస్తుంటాయట, వాటంతటవే, కాళ్లొచ్చి నడుచుకుంటూ. ఆ పూట ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. గుమ్మంలో అమ్మలు ఎదురొచ్చి ‘నాన్నా’ అనగానే నేల మీద పడ్డాడు. అప్పట్నుంచీ ఎన్ని రకాలుగా సర్ది చెప్పుకున్నాడో. ఎవరికీ చెప్పనన్నాను, చెప్పలేదుగా, ఒక్కరికైనా చెప్పానా? లేదు. ఒక్కరికి కూడా చెప్పలేదు, టీవీ ఉన్న ప్రతి ఇంటికీ చెప్పాడు. రెండ్రోజులాగి సిగ్గు విడిచి వెళ్లి ఆ మాట తీసేద్దామండీ అని అడిగాడు కూడా. ‘బుద్ధి ఉన్నవాడెవడన్నా తీస్తాడా దాన్ని, పైగా చానల్‌కి పంపేశాం’ అని నవ్వి టీ తెప్పించాడు ఆయన. ఆ టీ తాగి వచ్చాడు. పోనీ పిల్లకి ముందే చెప్పెయ్యొచ్చుగా. రోజూ పొద్దున్న చెప్దామనుకున్నాడు, బస్సు టైమైపోయేది. సాయంత్రం చెప్దామనుకున్నాడు, పిల్ల అలిసిపోయేది. ఇవాళ పొద్దున్న అదే వచ్చి ‘జట్టంతా వస్తామంటున్నారు, నిచ్చెన కూడా, రమ్మననా?’ అంటే, వద్దు అనడానికి నోరు తెరిచి, ‘రమ్మనమ్మా, దానికేం’ అన్నాడు. ఆ నోటిని ఏం చెయ్యాలి?

ఒక్కసారిగా గదంతా అయ్యో అంది. తెర మీద స్టారు కుర్రాడు గాల్లోకి లేచి కింద పడ్డాడు, కాలు పట్టుకుని దొర్లుతున్నాడు. ‘నాకూ ఇలాగే, టక్‌మంది’ అంది నిచ్చెన. ‘ఆ శబ్దం నాకు ఇప్పటికీ వినబడుతుందే.’ అమ్మలు చెయ్యి ఆ పట్టీ మీద ఉంది, తియ్యలేదు, కానీ అంతదాకా నిమురుతున్న చెయ్యి కదలడం మానేసింది. ప్రకటనలు వచ్చాయి. పిల్ల మెల్లిగా తల తిప్పి అతని వైపు చూసింది. అనుమానంగా చూస్తే బావుండేది. అలా కాదు, చిన్నప్పుడు రోడ్డు దాటేముందు చెయ్యి ఇచ్చి చూసేది చూడండి, అలా చూసింది. ‘నాన్నా, నీళ్లసీసా ఇప్పుడు ఏమంటాడు?’ ఇదిగో, తలుపు తీసి పెట్టింది పిల్ల, లోపలికి రా నాన్నా అని. ఇటు రా అమ్మలూ ఒక్క నిమిషం అని వంటింట్లోకి పిలిచి, తప్పు చేశాను తల్లీ, నీ మాట వాడుకున్నాను, ఇంకాసేపట్లో వస్తుంది అంటే చాలు, కనీసం సిద్ధపడేది, కనీసం కాలు దింపి బాత్రూముకి వెళ్లేది. అతను నవ్వాడు. ‘ముందే చెప్పేస్తే మజా ఏముంటుంది?’ అన్నాడు. అందరూ అవునవును అన్నారు. అమ్మలు కూడా నవ్వి టీవీ వైపు తిరిగింది. తనకి తాను ఎంత నీచంగా కనబడ్డాడంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎవరో తాగేసిన ఖాళీ గ్లాసు తీసి పట్టుకున్నాడు.

ఆట మళ్లీ మొదలైంది, నీళ్లసీసా దిగాడు, ఎగిరాడు, కొట్టాడు, పిల్లలందరూ తెర మీదవాడితో పాటు ఇక్కడ చేతులెత్తి కొడుతున్నారు, జట్టు గెలిచింది, ఈలలు, గదిలోనూ ఈలలు, అత్తయ్య ఎందుకో తెలియకుండానే నవ్వుతోంది. జిమ్ము ఖాళీ అవుతోంది. లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. అదిగో బల్ల. ‘జ్యూసు చేస్తానుండండి!’ అని లేచాడు అతను. ‘ఇప్పుడా?’ అంది భార్య. వంటింట్లోకి పరిగెత్తి ఫ్రిజ్ లాగి ఐసు ముక్కలన్నీ మిక్సీ జారులో దులిపి మూత అదిమి పట్టి తిప్పాడు. రాళ్లు నూరినట్టు మోత, చెవులు చిల్లులు పడేలా, దేవుడా ఇంకా పెద్దగా మోగు. ‘అంకుల్!’ అని అరుపులు. ‘వినబడట్లేదు అంకుల్!’ అత్తయ్య సౌండు పెంచింది. అతను మిక్సీ ఇంకాస్త తిప్పాడు. ఆవిడ ఇంకాస్త పెంచింది. భార్య విసురుగా వచ్చి ప్లగ్గు పీకేసింది. ‘మీకేమన్నా పిచ్చి పట్టిందా, పిల్లలు మొత్తుకుంటున్నారు, మీరు రాసిందేగా వస్తోంది!’ మిక్సీ ఆగింది. టీవీ ఆగలేదు. ఇల్లు అదిరిపోయేలా, వాన చప్పుడు మీద, వీపు మాట్లాడింది. ‘వాడి కాలు మడతపడాలని రోజూ అనుకునేవాణ్ణి. పడింది. ఇప్పుడు వాడే నాకు చప్పట్లు కొడుతున్నాడు.’

మళ్లీ ప్రకటనలు. పేర్లు వేసేముందు ఎప్పుడూ వేస్తారు, ఏదో షాంపూ, అదే సౌండుతో. అతను మిక్సీ మూత చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, ముందుకి రాలేడు, వెనక్కి పోలేడు. ‘ఛీ, ఎంత కుళ్లే వీడికి’ అంది సోఫా చేతి మీద పిల్ల, ‘నేనైతే జన్మలో మాట్లాడను.’ ‘పాపం, ఏడుస్తున్నాడుగా’ అంది ఇంకో పిల్ల. నిచ్చెన మెడ తిప్పి అతన్ని చూసింది, కళ్లు మెరుస్తున్నాయి. ‘అంకుల్, భలే రాశారు. మనసులో దూరి చూసినట్టుంది. ఎలా వస్తాయి అంకుల్ మీకు ఇలాంటి మాటలు?’ దానికి జవాబు అతని దగ్గర ఉంది, ఒకసారి వాడిందే. పెదవులు కదిలాయి.

అమ్మలు వంగి అమ్మమ్మ ఒళ్లోంచి రిమోట్ తీసుకుని టీవీ గొంతు నొక్కేసింది. వంటింట్లో జారులో ఐసు కరుగుతూ కిందికి జారడం వినబడింది.

‘మా నాన్న రాయలేదే అది’ అంది. ‘ఆ మాట నాది. నేనే అన్నా. నీ కాలు గురించి.’

నిచ్చెన ఆ పట్టీ వైపు చూసుకుంది. ‘రోజూనా?’

‘రోజూ.’

నిచ్చెన రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని కాలు పైకెత్తింది, నొప్పికి పళ్లు బిగించింది, అమ్మలు సాయం చెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది, కాలు మెల్లిగా దిండు మీంచి నేల మీదికి దిగింది. ‘నేను మాత్రం నిజంగానే కొట్టానే చప్పట్లు’ అంది నిచ్చెన. ‘తెలుసు’ అంది అమ్మలు. ఖాళీ దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇటు తిరగలేదు. తిరిగి ఒక్క చూపు చూస్తే, తిడితే, మిక్సీ జారు తీసి నెత్తిన వేస్తే హాయిగా ఉండేది, వంటింటి గుమ్మంలోంచి అతనికి కనబడుతున్నది కూతురి వీపొక్కటే. ఏమనుకుంటోందో ఆ వీపు. ఇన్నేళ్లు ఎన్ని వీపులకి ఎన్ని మాటలు పెట్టాడో, దీనికి ఒక్క ముక్క పెట్టలేకపోయాడు. భార్య అతన్ని చూస్తోంది, ఆ మొహంలో ఒక్కొక్కటీ అర్థమవుతూ వస్తోంది, బట్టల మిషనూ, తినకుండా పడుకున్న పిల్లా, ఇప్పుడీ ఐసు ముక్కలూ.

తెర మీద పేర్లు మొదలయ్యాయి, చప్పుడు లేకుండా, కింది నుంచి పైకి. ‘మాటలు’ అని పడింది. దాని కింద అతని పేరు పడింది. అలవాటు కొద్దీ భార్య చేతులు సగం దాకా లేచి మళ్లీ దిగిపోయాయి. పిల్లలందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ‘అదిగో, అల్లుడి పేరు!’ అంది అత్తయ్య సంబరంగా. ఎవరూ కలవకపోయేసరికి చుట్టూ చూసింది. ‘కొట్టరేంటే, చేతులు పడిపోయాయా?’ అని కసిరి, అతని పేరు పైకి పోయి కనబడకుండా పోయేదాకా, ఆవిడొక్కతే టపటపా చప్పట్లు కొట్టింది.